ఒంటి సీటు కారు – మెట్ల దారి

ఆదివారం రాత్రి టీవీలోనో ఫోనులోనో ఫార్ములా వన్ రేసు చూసి, సోమవారం ఉదయం మొదటి పీరియడుకి ఆవులిస్తూ వచ్చే కుర్రాడు మన కాలేజీలో ఏటా ఒకడైనా ఉంటాడు. వాడి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మేస్టారూ, దీనికి ఎక్కడ చేరాలండీ?" డాక్టరు కావాలంటే ఏ పరీక్ష రాయాలో వాడికి తెలుసు. క్రికెట్టు ఆడాలంటే జిల్లా జట్టు ఎక్కడ ఎంపిక చేస్తారో తెలుసు. కారు రేసుకి మాత్రం ద్వారం ఎక్కడుందో తెలియదు. ప్రశ్న చిలిపిది కాదు. దానికి నిజమైన జవాబు ఉంది. అది కొంత ఉత్సాహపరుస్తుంది, కొంత నిరుత్సాహపరుస్తుంది. రెండూ చెప్పడమే న్యాయం.

ముందు మాట అర్థం చూద్దాం. రేసుల్లో 'ఫార్ములా' అంటే రసాయనశాస్త్రంలో ఫార్ములా కాదు, నిబంధనల కట్ట అని అర్థం. ఇంజను ఎంత ఉండాలి, బరువు ఎంత ఉండాలి, టైరు ఎంత వెడల్పు ఉండాలి అని ముందే రాసిపెట్టి, దానికి లోబడి కట్టిన కార్లనే పోటీకి రానిస్తారు. వీటిలో డ్రైవరు ఒక్కడికే చోటు. పక్క సీటు లేదు, పైకప్పు లేదు, చక్రాల మీద మడ్‌గార్డులు లేవు. అందుకే వీటిని ఒంటి సీటు కార్లు అంటారు. ఫార్ములా వన్ ఈ కుటుంబంలో అందరికన్నా పెద్దది. దాని కింద తమ్ముళ్ళు వరసగా ఉన్నారు. పెద్దవాడి దగ్గరికి పోవాలంటే తమ్ముళ్ళందరి గుమ్మాలూ ఎక్కి దిగాల్సిందే.

ఈనాటి వరస ఇలా ఉంది. ఏడెనిమిదేళ్ళ వయసులో కార్టింగు మొదలు. కార్టు అంటే స్ప్రింగులు కూడా లేని చిన్న నాలుగు చక్రాల చట్రం. పదిహేనేళ్ళు నిండాక ఫార్ములా ఫోర్. ఇది 2014లో మొదలైన తరగతి, ఇంజను శక్తి సుమారు 160 నుంచి 180 హార్స్‌పవరు. తర్వాత ఫార్ములా రీజనల్, 270 వరకు. ఆపైన ఫార్ములా త్రీ, 380. ఆపైన ఫార్ములా టూ, 620 వరకు. చివరికి ఫార్ములా వన్, వెయ్యికి అటూ ఇటూ. మన వీధుల్లో తిరిగిన పాత మారుతి 800కి నలభైకన్నా తక్కువ. ఈ నలభై అంకెను గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

పైకి వెళ్ళేకొద్దీ హార్స్‌పవరు పెరగడం పైకి కనిపించే తేడా మాత్రమే. కింది తరగతుల్లో అందరి కార్లూ దాదాపు ఒకే తీరువి, ఒకే కంపెనీ చట్రం, ఒకే ఇంజను, ఒకే టైరు. కనుక ఎవడు వెనకబడ్డాడో వాడు కారు మీద నెపం వెయ్యడానికి వీల్లేదు. ఫార్ములా ఫోర్‌లో కుర్రాడు గేర్లు, బ్రేకులు, మలుపు నేర్చుకుంటాడు. ఫార్ములా త్రీకి వచ్చేసరికి కారు రెక్కల మీదుగా పోయే గాలి కారును నేలకు అదుముతుంది. వేగం ఎక్కువైతే పట్టు కూడా ఎక్కువవుతుంది. అంటే నెమ్మదిగా పోతే జారిపోయే మలుపులో ధైర్యంగా పోతే నిలబడతాడు. మనసు ఒప్పుకోని విషయం ఇది. ఒళ్ళే నేర్చుకోవాలి. ఇక ఫార్ములా టూలో నేర్చేది వేరు, టైరును పొదుపుగా వాడడం. మొదటి పది చుట్లు రెచ్చిపోయినవాడి టైర్లు చివరి పది చుట్లలో నీరుగారిపోతాయి. పంచదార పాకం లాంటిది, మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే తీగ రాదు.

మలుపు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే డ్రైవరు విద్యలో సగం అదే. లొల్ల లాకుల వైపు నుంచి వాడపల్లికి శనివారం నాడు మోటారు సైకిలు మీద వెళ్ళిన వాళ్ళందరికీ గట్టు రోడ్డు మలుపులు తెలుసు. రోడ్డు ఎడమకి తిరుగుతుందనుకోండి. మామూలు మనిషి తన పక్కనే రోడ్డు అంచును పట్టుకుని, ఆ వంపు ఎంత ఉంటే అంతా తిరుగుతాడు. రేసు డ్రైవరు అలా చెయ్యడు. కుడి అంచు నుంచి వస్తాడు, మలుపు నడుమ ఎడమ అంచును తాకుతూ పోతాడు, మళ్ళీ కుడి అంచుకి వెళ్ళి తేలతాడు. రోడ్డు వంపు అదే అయినా అతను గీసిన గీత వంపు తక్కువ. ఫిజిక్సు విద్యార్థులకు ఇది లెక్కే. జారకుండా పోగల గరిష్ఠ వేగం వర్గం మలుపు వ్యాసార్థానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఘర్షణ గుణకం 1.5 అనుకుందాం. రేసు టైరుకి అది పెద్ద సంఖ్యేమీ కాదు. వ్యాసార్థం 50 మీటర్లయితే గంటకు 97 కిలోమీటర్ల వరకు పోవచ్చు. అదే మలుపులో గీతను సాగదీసి వ్యాసార్థం 100 మీటర్లు చేసుకోగలిగితే 138 వరకు పోవచ్చు. ఇంజను మార్చలేదు, టైరు మార్చలేదు, రోడ్డు వెడల్పును పూర్తిగా వాడుకున్నాడు, అంతే. (గట్టు మీద దీన్ని ఎవరూ ప్రయోగించి చూడవద్దు. అక్కడ ఎదురుగా బస్సు వస్తుంది, పక్కన గౌతమి ఉంది.)

ఇంత విద్య నేర్చినా పై మెట్టు ఎక్కనిచ్చేది విద్య ఒక్కటే కాదు. ఫార్ములా వన్ నడపాలంటే సూపర్ లైసెన్సు కావాలి. 2016 నుంచి దానికి మూడు సీజన్లలో కలిపి 40 పాయింట్లు సంపాదించాలన్న నియమం ఉంది. ఫార్ములా టూలో మొదటి ముగ్గురిలో ఉంటే 40 వస్తాయి, ఫార్ములా త్రీ చాంపియనుకు 30, ఫార్ములా ఫోర్ చాంపియనుకు 12. ఇది కాగితం మీద కనిపించే అడ్డుగోడ. కనపడని గోడ డబ్బు. ఫార్ములా టూలో ఒక్క సీజను నడపడానికి ఇరవై లక్షల యూరోలు దాటుతుందని పత్రికలు రాస్తుంటాయి. మన లెక్కలో ఇరవై కోట్ల రూపాయల ప్రాంతం. ఇది డ్రైవరుకి ఇచ్చే జీతం కాదు సుమా, డ్రైవరు తెచ్చి జట్టుకి కట్టాల్సిన సొమ్ము.

ఇదంతా విన్నాక కుర్రాడి తర్వాతి ప్రశ్న సహజం. "మనవాళ్ళెవరైనా ఎక్కారాండీ ఈ మెట్లు?"

ఎక్కారు. ఆ కథ కోనసీమలో కాదు, కోయంబత్తూరులో మొదలవుతుంది. విజయనగర, నాయక రాజుల కాలంలో తెలుగునాట నుంచి దక్షిణానికి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు కోయంబత్తూరు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. నల్లరేగడిలో పత్తి పండించారు, తర్వాత ఆ పత్తిని వడికే మిల్లులు పెట్టారు. మిల్లులున్న చోట లేతులుంటాయి, ఫౌండ్రీలుంటాయి, ఇనుము చేతిలో మాట వినేలా చేసుకున్న పనివాళ్ళుంటారు. కోయంబత్తూరుకి కార్ల పిచ్చి రావడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. అక్కడ లక్ష్మీ మిల్స్ కుటుంబంలో 1954లో పుట్టినవాడు సుందరం కరివర్ధన్. ఆ తెలుగు మూలాల కుటుంబాలలోనే మరొకదాంట్లో 1977 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లోనే, పుట్టినవాడు నరైన్ కార్తికేయన్.

నరైన్ పేరు అందరూ విన్నారు. కరివర్ధన్ పేరు మన దగ్గర చాలామందికి తెలియదు. అందుకే ఆయన సంగతి ముందు చెబుతాను.

మద్రాసుకి ఉత్తరాన షోలవరం అనే ఊరు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల దారి ఒకటి అక్కడ పాడుపడి ఉండేది. 1950ల నుంచి దాని మీదే రేసులు నడిచాయి. అప్పట్లో రేసు అంటే రాజాలూ, మిల్లు యజమానులూ, పెద్ద కంపెనీల వారసులూ ఆడుకునే ఆట. విదేశాల నుంచి పాత రేసు కార్లు ఓడల మీద తెప్పించుకుని నడిపేవారు. ఒక భాగం విరిగితే మళ్ళీ విదేశం నుంచి రావాలి. చూడ్డానికి జనం వేలల్లో వచ్చేవారు కాని, వాళ్ళ ఇళ్ళలో కుర్రాడు ఎవడూ ఆ సీటులో కూర్చునే అవకాశం లేదు. ఇది మన తిరునాళ్ళలో ఏనుగు అంబారీ లాంటిది. చూడవచ్చు, ఎక్కలేం.

కరివర్ధన్ స్వయంగా రేసు డ్రైవరు. తను గెలిచి ఊరుకుని ఉంటే ఈ వ్యాసంలో ఆయన పేరు ఉండేది కాదు. 1983 డిసెంబరులో మారుతి 800 కారు రోడ్డెక్కింది. దానితో దేశంలో ఏ మూలైనా దొరికే ఇంజను, ఏ మెకానిక్కైనా విప్పగల ఇంజను ఒకటి వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు. 1980ల చివర్లో కరివర్ధన్ ఆ ఇంజనునే తీసుకుని, చుట్టూ తేలికపాటి గొట్టాల చట్రం కట్టి, ఒంటి సీటు రేసు కారు తయారు చేయించారు. అన్నీ ఒకే తీరు కార్లు. దాని పేరు ఫార్ములా మారుతి. నలభై హార్స్‌పవరు లోపు ఇంజనుతో రేసా అని నవ్వినవాళ్ళు ఉండవచ్చు. కాని బరువు తక్కువ, డ్రైవరు నేలకు జానెడు ఎత్తులో కూర్చుంటాడు, మలుపులో గీత తప్పితే వెంటనే తెలిసిపోతుంది. కుర్రాడికి నేర్పడానికి అంతకన్నా ఏం కావాలి? పైగా విరిగితే భాగం వీధి చివర దుకాణంలో దొరుకుతుంది. అంబారీ మీద నుంచి దిగి, ఆట నేల మీదికి వచ్చింది.

1990లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పద్ధతి ప్రకారం కట్టిన ట్రాకు మొదలుపెట్టారు. కారు దొరికింది, ట్రాకు దొరికింది. మొదటి మెట్టు సిద్ధమైంది. 1995లో కరివర్ధన్ గాలిలో జరిగిన ప్రమాదంలో మరణించారు, నలభై ఒక్క ఏళ్ళు. ఆయన కట్టిన మెట్టు మీద కాలు పెట్టినవాడు ఎంత ఎత్తుకు పోయాడో ఆయన చూడలేదు.

నరైన్ తండ్రి జి.ఆర్. కార్తికేయన్ కూడా డ్రైవరే. దక్షిణ భారత ర్యాలీని ఏడుసార్లు గెలిచిన మనిషి. ఇంట్లో కారు మాట అన్నం మాటంత మామూలుగా ఉండేది. నరైన్ శ్రీపెరుంబుదూరు ట్రాకు మీద ఫార్ములా మారుతితో మొదటి రేసు నడిపాడు. ఆ మొదటి రేసులోనే మొదటి ముగ్గురిలో నిలిచాడు. పదిహేనేళ్ళ వయసులో, 1992లో, ఫ్రాన్సులోని విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూలుకి వెళ్ళి, అక్కడి పోటీలో సెమీఫైనల్ దాకా వచ్చాడు. 1993లో ఇక్కడ ఫార్ములా మారుతి నడుపుతూనే ఇంగ్లండులో ఫార్ములా వాక్సాల్ జూనియర్ పోటీల్లో దిగాడు. 1994లో ఫార్ములా ఫోర్డ్. ఆ ఏడు చలికాలపు సిరీస్‌ను గెలిచి, ఐరోపాలో ఒక చాంపియన్‌షిప్ గెలిచిన మొదటి భారతీయుడయ్యాడు.

ఈ పేర్లన్నీ పాతవి. ఈనాటి ఫార్ములా ఫోర్ చేసే పని ఆనాడు ఫార్ములా ఫోర్డూ, వాక్సాల్ జూనియరూ చేసేవి. ఈనాటి ఫార్ములా టూ స్థానంలో ఆనాడు ఫార్ములా 3000 ఉండేది. మెట్ల పేర్లు మారాయి కాని మెట్లు అవే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఇంగ్లండులో గెలిచిన కుర్రాడు తర్వాతి ఏడు పై మెట్టు ఎక్కాలి కదా? 1995లో నరైన్ ఆసియాకి తిరిగొచ్చాడు. ఫార్ములా ఆసియా పోటీల్లో నాలుగు రేసులే నడిపి, మలేషియాలోని షా ఆలంలో రెండోవాడిగా వచ్చాడు. 1996లో పూర్తి సీజను నడిపి, ఆ చాంపియన్‌షిప్ గెలిచిన మొదటి ఆసియావాసి అయ్యాడు. 1997లో మళ్ళీ ఇంగ్లండు, ఫార్ములా ఓపెల్, డోనింగ్టన్‌లో ఒక గెలుపు, మొత్తం మీద ఆరో స్థానం. బయటినుంచి చూస్తే ఇది రెండేళ్ళు పక్కదారి పట్టినట్టు కనిపిస్తుంది. నాకలా అనిపించదు. ఐరోపాలో గుంపులో పదోవాడుగా ఉండడంకన్నా ఒకచోట మొదటివాడుగా ఉండడం డ్రైవరుకి ఒక చదువు. ముందుండి రేసును నడపడం, వెనకవాణ్ణి కాచుకోవడం, పాయింట్లు లెక్కపెట్టుకుంటూ సీజను దాటించడం గెలుస్తున్నవాడికే అలవడతాయి. ఆ రెండేళ్ళ ఖర్చు కూడా తక్కువే అయి ఉంటుంది.

1998 నుంచి మూడేళ్ళు బ్రిటిష్ ఫార్ములా త్రీ. ఆ రోజుల్లో ఫార్ములా వన్ యజమానులు కుర్రాళ్ళను ఏరుకునే సంత అది. మొదటి ఏడు కార్లిన్ జట్టులో సగానికి పైగా సీజను, స్పాలోనూ సిల్వర్‌స్టోన్‌లోనూ మూడో స్థానాలు. 1999లో బ్రాండ్స్ హాచ్‌లో రెండు గెలుపులు, ఏడాది చివర ఆరో స్థానం. 2000లో స్టూవర్ట్ జట్టులో నాలుగో స్థానం. అదే ఏడు స్పాలో అంతర్జాతీయ ఫార్ములా త్రీ రేసు, కొరియా సూపర్ ప్రీ గెలిచాడు.

ఇప్పుడు ఆ పట్టికల్లో అతని పక్కనున్న పేర్లు చూడండి. 1999లో మూడో స్థానంలో ఉన్నవాడు జెన్సన్ బటన్. మరుసటి మార్చిలోనే, ఇరవై ఏళ్ళకు, విలియమ్స్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగాడు. 2000లో మూడో స్థానంలో ఉన్నవాడు జపాన్ కుర్రాడు టకుమా సాటో. 2002లో జోర్డాన్ జట్టులో చేరాడు. సాటో వెనక జపాన్ ఇంజను కంపెనీ ఉంది. బటన్ వెనక బ్రిటిష్ పత్రికలూ, బ్రిటిష్ జట్లూ ఉన్నాయి. వాళ్ళ ప్రతిభను తక్కువ చెయ్యడం లేదు. బటన్ 2009లో ప్రపంచ చాంపియనే అయ్యాడు. కాని వాళ్ళకన్నా కొద్దిగా వెనక ఉన్న మనవాడికి ఏమైందో చూస్తే ఈ మెట్ల దారి స్వభావం తెలుస్తుంది.

2001 జూన్ 14న సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ జట్టు కారుతో నరైన్ పరీక్షగా నడిపాడు. ఫార్ములా వన్ కారును పరీక్షించిన మొదటి భారతీయుడు. అదే ఏడు సెప్టెంబరులో జోర్డాన్ కారు కూడా నడిపాడు. వయసు ఇరవై నాలుగు. అప్పటికి వేగం రుజువైంది. సీటు మాత్రం రాలేదు. 2001లో జపాన్‌లో ఫార్ములా నిప్పన్. 2002 నుంచి మూడేళ్ళు నిస్సాన్ ఇంజన్ల వరల్డ్ సిరీస్, అక్కడ 2003లో రెండు రేసులు గెలిచి మొత్తం మీద నాలుగో స్థానం, 2004లో వాలెన్సియాలోనూ మానీ కూర్‌లోనూ గెలుపులు. పరీక్ష ప్యాసై నాలుగేళ్ళు ఉద్యోగం రానివాడి స్థితి అది. మన పాఠకుల్లో చాలామందికి ఆ స్థితి విడమర్చి చెప్పనక్కర్లేదు. తేడా ఏమిటంటే, ఎదురుచూసే కాలంలో డ్రైవరు ఇంట్లో కూర్చుంటే పని అయిపోయినట్టే. ఏదో ఒక కారు, ఏదో ఒక దేశం, ఏడాదికి కొన్ని గెలుపులైనా చూపిస్తూ ఉండాలి. ఆ ఏళ్ళలో టాటా సంస్థ అతని వెనక నిలబడింది. అది లేకపోతే కథ 2001లోనే ముగిసేది.

2005 ఫిబ్రవరి 1న జోర్డాన్ జట్టు ప్రకటన చేసింది. మార్చి 6న మెల్‌బోర్న్‌లో నరైన్ కార్తికేయన్ ఫార్ములా వన్ రేసు నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. వయసు ఇరవై ఎనిమిది. వాన తడి క్వాలిఫయింగులో వెనకబడ్డ జట్టు కారుతో 12వ స్థానం సాధించాడు, రేసులో 15వ స్థానం. జోర్డాన్ అప్పటికే చేతులు మారి, బలం తగ్గిపోయిన జట్టు.

జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జరిగింది అందరూ చెప్పుకునే కథ. అక్కడి వాలు మలుపులో మిషెలిన్ టైర్లు నిలవవని తేలింది. ఆ టైర్లున్న పద్నాలుగు కార్లు మొదటి ఊరేగింపు చుట్టు కాగానే షెడ్డుకి తిరిగిపోయాయి. మిగిలినవి బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల కార్లు ఆరే. ఫెరారీలు రెండు, జోర్డాన్‌లు రెండు, మినార్డీలు రెండు. నరైన్ నాలుగో స్థానంలో వచ్చాడు, ఐదు పాయింట్లు. ఒక భారతీయుడు ఫార్ములా వన్‌లో సంపాదించిన మొదటి పాయింట్లు అవి. ఆరుగురిలో నాలుగో స్థానమేనా అని వెక్కిరించేవాళ్ళకు ఒకటే మాట. ఆ ఆరుగురిలో ఒకడుగా అక్కడ నిలబడడానికి పదమూడేళ్ళు పట్టింది.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. 2006, 2007లో విలియమ్స్ జట్టుకి పరీక్షల డ్రైవరు. 2007 డిసెంబరులో చైనాలోని జుహైలో ఎ1 గ్రాండ్ ప్రీ పోటీల్లో భారత జట్టుకి మొదటి గెలుపు తెచ్చాడు. 2010లో పద్మశ్రీ. 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీ జరిగినప్పుడు హెచ్.ఆర్.టి. జట్టు కారులో 17వ స్థానం. దేశంలో కోట్లు పోసి కట్టిన ఆ ట్రాకు మీద ఫార్ములా వన్ 2013 వరకు మూడేళ్ళే నడిచింది. పై మెట్టు కట్టడానికి డబ్బు ఉన్నది. నడుమ మెట్లు ఎవరు కడతారన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

తెలుగు రాష్ట్రాల సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదు కుర్రాడు అనిందిత్ రెడ్డి 2016లోనూ 2017లోనూ యూరో జెకె అనే జాతీయ స్థాయి ఒంటి సీటు చాంపియన్‌షిప్ గెలిచాడు. మోటారు సైకిలు ఇంజను పెట్టిన ఫార్ములా బి.ఎం.డబ్ల్యూ. కార్లవి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున వీధుల్లోనే ఫార్ములా ఇ విద్యుత్ కార్ల రేసు జరిగింది. ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది. ఒక రోజు పండగ చేసి పందిరి విప్పేసినట్టయింది. 2023లో మన దేశంలో ఫార్ములా ఫోర్ చాంపియన్‌షిప్ మొదలవడం నా లెక్కలో వీధి రేసుకన్నా ముఖ్యమైన వార్త. దానికి పత్రికల్లో దొరికిన చోటు తక్కువ. కుర్రాడు ఇంగ్లండు వెళ్ళకుండానే అంతర్జాతీయ లెక్కలో చేరే పాయింట్లు సంపాదించే తరగతి అది. మోటారు క్రీడల జాతీయ సంఘం ఎఫ్.ఎమ్.ఎస్.సి.ఐ. ఇచ్చే లైసెన్సు ఉంటేనే వీటిలో దేనికైనా రానిస్తారు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. "మేస్టారూ, ఎక్కడ చేరాలండీ?"

డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడికి నిజం చెప్పాలంటే, డ్రైవరుగా ఆ దారి నీకు మూసుకుపోయింది నాయనా అని చెప్పాలి. పద్దెనిమిదేళ్ళకు మొదలుపెట్టేవాడు పదేళ్ళు కార్టింగు చేసినవాడితో పోటీ పడాలి. కార్టు కొనడానికీ, టైర్లు మార్చడానికీ, నెలకి రెండుసార్లు రాజమండ్రిలో రాత్రి రైలెక్కి చెన్నై వెళ్ళిరావడానికీ అయ్యే ఖర్చు మన ఇళ్ళలో నాలుగైదు ఎకరాల కొబ్బరితోట రాబడికి మించుతుంది. ఊరికే ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో ఏడెనిమిదేళ్ళ తమ్ముడో, చెల్లెలో ఉండి, తండ్రికి స్తోమత ఉంటే అది వేరే మాట.

కాని రేసు కారు చుట్టూ డ్రైవరు ఒక్కడే ఉండడు. ఫార్ములా వన్ జట్టంటే వందల మంది. ఇద్దరు నడుపుతారు, మిగిలిన వాళ్ళంతా లెక్కలు వేసేవాళ్ళు, గాలిని కొలిచేవాళ్ళు, లోహం కోసేవాళ్ళు, డ్రైవరు చెవిలో మాట్లాడేవాళ్ళు. వాళ్ళకి ఏడేళ్ళ వయసులో మొదలుపెట్టాల్సిన పని లేదు. లెక్కలు, ఫిజిక్సు, ఎలక్ట్రానిక్సు చదివినవాడికి అక్కడ పని ఉంది. మనవాళ్ళలో ఇంజనీరింగు వైపు వెళ్ళేవాళ్ళకు దానికి తలుపు ఒకటి తెరిచే ఉంది. దాని పేరు ఫార్ములా భారత్. కాలేజీ విద్యార్థులు జట్టుగా ఏర్పడి ఒంటి సీటు కారును తామే గీసి, తామే కట్టి, తామే నడపాలి. కారు వేగంగా పోతే చాలదు. దాన్ని అలా ఎందుకు కట్టారో నిపుణుల ముందు కూర్చుని సమర్థించుకోవాలి, ఎంత ఖర్చయిందో మేకు మేకుకీ లెక్క చూపాలి. తర్వాత 75 మీటర్ల పరుగు, ఎనిమిది అంకె ఆకారంలో చుట్లు, చివరికి సుమారు 22 కిలోమీటర్ల ఓర్పు పరీక్ష, నడుమ డ్రైవరు మారాలి. ఎక్కువ మార్కులు ఆ చివరిదానికే. మొదటిసారి వచ్చిన జట్ల కార్లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఆగినచోట కూర్చుని ఎందుకు ఆగిందో వెతకడంతోనే వాళ్ళ అసలు చదువు మొదలవుతుంది.

ఈ పోటీ చాలా ఏళ్ళుగా కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో 2003లో మొదలైన ట్రాకు మీద జరుగుతోంది. ఆ ట్రాకు పేరు కరి మోటార్ స్పీడ్‌వే. ఆ కరి కరివర్ధనే. అక్కడ పెట్రోలు కార్ల విభాగంలో విద్యార్థుల ఇంజను 710 సీసీ దాటకూడదని నియమం. ఆయన మొదటి కార్లలో పెట్టిన మారుతి ఇంజను 796.